కరుణ పాట ఉన్న క్యాసెట్

మా ఆవిడ కరుణ పోయిన రోజు తెల్లవారుజామున కాఫీ అడిగింది. రెండు గుక్కలు తాగి చాలంది.

"పాటలన్నీ ఫోన్లోనే ఉండాయి. వినాలనిపిస్తే విను. ఏడుస్తా మాత్రం వినగాకు" అంది. పదకొండు గంటలకు ఊపిరి ఆగింది.

చర్చికి వెళ్లే ఓపిక పోయాక, ఆ చివరి ఏడాదంతా ఇంట్లోనే పాడి ఒక యాప్‌లో దాచుకుంది. ఏటేటా చందా కట్టే యాప్. ఆ పాటలు అందులో తప్ప వేరేచోట తెరుచుకోవు.

మా చిన్నప్పుడు... జమ్మలమడుగులో మా పక్కిల్లే కరుణ వాళ్లది. ఫ్యాక్షన్ రోజులు. జీపు చప్పుడైతే వీధంతా తలుపులు పడేవి. అలా తలుపులు వేసుకున్న ఒక సాయంత్రం, మా నాయన టేపురికార్డరు ముందు ఎనిమిదేళ్ల కరుణ సండేస్కూల్ పాట పాడింది. పాట అవగానే నాయన స్క్రూడ్రైవరుతో క్యాసెట్ అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు విరిచేశాడు. అవి విరిస్తే దాని మీద ఇంకొకటి రికార్డు కాదు.

ఎలక్షన్లొచ్చాయి. పార్టీవాళ్లు మా టేపురికార్డరు, క్యాసెట్లు ప్రచారానికని పట్టుకుపోయారు. వద్దనే ధైర్యం ఎవరికుంది... రెండు రోజులకు వాళ్లలో ఒకాయన ఆ క్యాసెట్‌తో గడపలో నిలబడ్డాడు. వెనక జీపులో వేటకొడవళ్లు.

"ఏంది మామా ఇది? మా నాయకుడి మాటలు ఎక్కిద్దామంటే బటన్ దిగనంటాంది."

"నేనే ముక్కలు విరగ్గొట్టినానప్పా" అన్నాడు నాయన. "పక్కింటి పాప పాట ఉంది దాంట్లో."

"రెండు దినాలు జీపులో మాకు ఆ పాటే గతి! మా డ్రైవరు ఆమెన్ అనడం గూడా నేర్సుకున్న్యాడు. ఇంద, పాప పాట పాపకే ఇయ్యి."

టేపురికార్డరు మాత్రం తిరిగి రాలేదు.

పోయిన నెల నేనొక తప్పు చేశాను. మా వైపు మనిషి పోతే కరెంటు మీటరు, పొలం పాసుబుక్కు పేరు మార్పించుకుంటాం. అదే అలవాటున, కరుణ మరణ ధ్రువపత్రం జతచేసి, యాప్ నా పేరుకు మార్చమని కంపెనీకి రాశాను. మర్నాటి నుంచి యాప్ తెరుచుకోలేదు. ఫోన్ చేశాను.

"లైసెన్సు బదిలీ కాదు సార్. మీరు కట్టింది వాడుకునేందుకే" అంది అవతలి అమ్మాయి.

"పాడింది మా ఆవిడ తల్లీ."

"నిజమే సార్... కానీ ఖాతాదారు చనిపోతే ఖాతా మూసేస్తారు. మీరే తెలియజేశారు కదా సార్."

అవును. నేనే తెలియజేశాను.

ఒక్క పాట కూడా వినలేదు అప్పటికి. ఏడవకుండా వినగలిగిన రోజు విందామని ఆగాను.

క్యాసెట్ బీరువాలో ఆమె చీరల కింద దొరికింది. కానీ దాంట్లో ఉన్నది ఎనిమిదేళ్ల పాప. నాతో ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషి గొంతు నాకు ఇక ఎక్కడా లేదు.

కొడవళ్లు పట్టినవాళ్లు కూడా పాట తిరిగిచ్చిన కాలం అది... మీ ఇళ్లల్లో పోయినవాళ్ల గొంతులు ఎక్కడున్నాయి? తాళం ఎవరి దగ్గరుంది? చూసుకుని చెప్పండి.

ప్రొద్దుటూరులో పాత టేపురికార్డర్లు బాగుచేసే ముసలాయన ఒకరు ఇంకా ఉన్నారట. రేపు పొద్దున మొదటి బస్సుకు క్యాసెట్ తీసుకుని వెళ్తాను.