తడక కింద చేపలు

సిద్దిపేటలో ఎవరింట్లోనో చేపల హౌజు చూసి వచ్చిన మా బాపు, మన పెరట్లోనూ అలాంటిది ఉండాల్సిందేనని పట్టుబట్టాడు. రాతి తొట్టి కట్టించి, కోమటి చెరువు నుంచి బురద రంగు చేపపిల్లలు తెప్పించాడు. జామచెట్టు నీడలో అవి సరిగ్గా కనబడటం లేదని ఆ చెట్టునూ కొట్టించాడు. చేపలకు వెలుతురు కావాలట! అవేమైనా పుస్తకాలు చదువుతాయా?

వెలుతురు బాగానే పనికొచ్చింది, పాచికి. పైగా వచ్చినవాళ్లందరి ముందూ బాపు పిడికెడు తవుడు చల్లేవాడు. నీళ్లు పాలకూర పప్పులా తయారయ్యాయి. గోడలు తోమించాడు, పటిక తిప్పించాడు. పాచికి మాత్రం ఆయన మీద గౌరవం కలగలేదు.

చివరికి బాపును కట్టుకున్న మా అవ్వ విసిగిపోయింది. "ఎండ తగిల్తే పాచి పట్టకేం జేస్తది? చెట్టుంటే గీ తిప్పలుండునా?" అంటూ హౌజు మీద తాటాకు తడక కప్పేసి, తవుడు డబ్బా దాచేసింది. కొన్నాళ్లకు నీళ్లు తేటపడ్డాయి. అప్పటినుంచి తడక ఎవరూ తీయకూడదంది.

ఒకసారి తహసీల్దారు ఇంటికొస్తే, బాపు గొప్పగా హౌజు దగ్గరికి తీసుకుపోయాడు. తడక ఎత్తబోతే, అవ్వ గుమ్మంలోంచి ఒక్క చూపు చూసింది. బాపు చెయ్యి వెనక్కి తీసుకుని, "గిండ్లనే ఉన్నయి సాబ్" అన్నాడు.

తహసీల్దారు నడుం వంచి, ఎండిన తాటాకులను కాసేపు పరీక్షగా చూసి, "మస్తుగున్నయి" అన్నాడు.

వెనకున్న చప్రాసీ ఊరుకుంటాడా?

"బంగారం లెక్క మెరుస్తున్నయి సాబ్!"