వట్టికాళ్ళ కెప్టెన్

మా కాలేజీ ఫుట్‌బాల్ టీములో ఎవరికీ బూట్లు ఉండేవి కావు. కర్నూలు ఎండలో, గులకరాళ్ళ గ్రౌండులో వట్టికాళ్ళతోనే ఆడేవాళ్ళం. డబ్బుల్లేక మొదలైన అలవాటు పోను పోను పొగరుగా మారింది. బూట్లేసుకుని వచ్చిన టీములను చూసి నవ్వేవాళ్ళం. మా కెప్టెన్ అయితే వాళ్ళను మనుషుల్లోనే జమకట్టేవాడు కాదు.

వాడు సెంటర్ ఫార్వర్డ్. బంతి కాలికి అంటుకున్నట్టు వచ్చేది. ఒక్కసారి కూడా కిందికి చూసేవాడు కాదు, తలెత్తి గోల్‌ను చూస్తూ పరుగెత్తేవాడు. నేను వెనక బ్యాక్‌లో నిలబడేవాణ్ణి. బంతి నా దగ్గర తప్పిపోతే చాలు, గ్రౌండంతా వినపడేలా బూతులు తిట్టేవాడు. నాకు "గుంజ" అని పేరు పెట్టిందీ వాడే. పడేవాణ్ణి, ఏం చేస్తాను, గోల్స్ కొట్టేది వాడు కదా.

చాలా ఏళ్ళ తర్వాత, రెండు వేల నాలుగులో, దుబాయ్ అల్ కుసైస్‌లో మా లేబర్ క్యాంపు ముందు ఆ కెప్టెన్ బస్సు దిగాడు. ఏసీ డక్టులు బిగించే కంపెనీ మాది. నేను స్టోరులో ఉండేవాణ్ణి, వాడు హెల్పర్ వీసా మీద వచ్చాడు. బట్టతల, బొజ్జ. నన్ను చూడగానే "ఏరా గుంజా, ఇంకా బతికే ఉండావా?" అన్నాడు. ఒళ్ళు మండింది. ఆ వెంటనే సంతోషం కూడా వేసింది.

మా రూములోనే, నా మంచం పైమంచం ఇచ్చారు. మొదటి వారంలోనే వాడి షుగర్ బిళ్ళలు నా కంటపడ్డాయి. వీసా మెడికల్‌లో షుగర్ చూడరు కాబట్టి గట్టెక్కి వచ్చాడు. నన్ను వంటింటి వెనక్కి తీసుకుపోయి చెప్పాడు.

"కాళ్ళు మొద్దుబారినాయిరా. చెప్పు ఊడిపోయినా తెలీదు నాకు. ఎవరికీ చెప్పొద్దు. సూపర్‌వైజర్‌కు తెలిసిందంటే ఖలాస్, ఇంటికి పంపిస్తాడు."

నిజమే. ఆయాసంతో మెట్లెక్కలేకపోయిన ఒకణ్ణి ఆ సూపర్‌వైజర్ అంతకుముందే వెనక్కి పంపేశాడు. కెప్టెన్‌కు ఊళ్ళో డ్రిల్లు మాస్టరు పని ఊడింది, ముగ్గురు పిల్లలు. ఇది కూడా పోతే ఇంకో దారి లేదు. అంత గుట్టు కడుపులో పెట్టుకున్నవాడు నోరు మూసుకుని ఉండాలా వద్దా? ఉండలేదు. ప్రతి సాయంత్రం పొయ్యి దగ్గర చేరి మా టీము కథలు ఎత్తుకునేవాడు. గోల్‌కీపర్ ఎట్లా దూకేవాడు, లెఫ్ట్ వింగర్ ఎట్లా ఉరికేవాడు, మేనెల ఎండలో వట్టికాళ్ళతో తానెన్ని కప్పులు గెలిపించాడు. మధ్యలో నా వైపు తిరిగి "అవునా కాదా చెప్పరా" అనేవాడు. అవునని చెప్పేవాణ్ణి. అబద్ధం కాదు కదా.

మా రూములో హైదరాబాద్ ఏసీ మెకానిక్ ఒకడు ఉండేవాడు. నోరు తెరిస్తే ఎవరో ఒకరి పరువు తీయాల్సిందే. వాడికి ఈ బొజ్జ కెప్టెన్ దొరికాడు. "బంతి గ్రౌండ్ల పెట్టాలె గని, కడుపుల పెట్టుకొచ్చినవేంది?" అన్నాడు ఓ రోజు. రూమంతా పడీపడీ నవ్వింది. ఇక అదే ఆట అయిపోయింది. బాత్రూము కాలువ పూడుకుంటే కెప్టెన్ సాబ్ యల్లా, పద పద అని పిలిచేవారు. వాడు బస్సెక్కుతుంటే విజిల్ ఊదేవారు. తిట్టడమే తప్ప తిట్టించుకోవడం తెలియని మనిషి, లోపల కుతకుతలాడిపోయేవాడు. చివరికి ఓ జూన్ నెలలో, వచ్చే శుక్రవారం మ్యాచ్‌లో వట్టికాళ్ళతో ఆడి చూపించమని మెకానిక్ అందరి ముందూ సవాలు చేశాడు. వీడు సరేనన్నాడు.

మా మ్యాచ్‌లు క్యాంపు వెనక లారీలు నిలిపే జాగాలో జరిగేవి. తారు నేల. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక మొదలుపెట్టినా, ఆ నెలలో తారు మెత్తబడి బూటు అడుగుకు అంటుకునేది. నేను స్టోరులోంచి ఒక జత కాన్వాస్ బూట్లు తెచ్చి వాడి ముందు పట్టుకున్నాను. వేసుకోరా, ఎవడేమనుకుంటే మనకేం అని బతిమాలాను.

వాడు నవ్వాడు. "నాకు కాలేది తెలీదు కదరా. నొప్పే లేనోనికి భయమేంది? ఈ రోగం ఇన్నాళ్ళకు ఒక మేలు చేసింది."

వాడు చెప్పులు వదిలేసి తారు మీదికి నడిచాడు.

ఆడాడు. బొజ్జతో, రొప్పుతూ ఆడాడు. బంతి కాలికి తగిలిందో లేదో తెలియక, ఏనాడూ కిందికి చూడనివాడు పాదాల వైపే చూసుకుంటూ ఆడాడు. అది నేనొక్కణ్ణే గమనించాను. మిగతావాళ్ళు నోళ్ళు తెరిచి ఆ కాళ్ళనే చూస్తున్నారు. ఆఖర్లో ఇద్దరిని తప్పించి కుడికాలితో కొట్టాడు, గోల్ పడింది. మెకానిక్ ముందుగా పరుగెత్తి వాడిని భుజాల మీదికి ఎత్తుకున్నాడు.

రూముకొచ్చాక మంచం మీద కూర్చుని పాదం ఎత్తి చూసుకున్నాడు. అరికాలి చర్మం వేలాడుతోంది. ఎవరిదో పాదం చూసినట్టు చూశాడు. "నొప్పి లేదురా" అన్నాడు.

మర్నాడు గుడ్డ చుట్టి, మేజోడు తొడిగి, సేఫ్టీ బూటులో కాలు దూర్చి పనికి పోయాడు. ఆసుపత్రికి పోదామని కాళ్ళావేళ్ళా పడ్డాను. షుగర్ బయటపడితే ఇంటికేనని కదల్లేదు. నేను తెచ్చిన మందు రాసుకుని మళ్ళీ బూటేసుకునేవాడు. ఎడమ కాలి పుండు మెల్లగా మానింది, కుడికాలు నల్లబడింది. వారం తిరిగేసరికి రూములో వాసన మొదలైంది. భుజాల మీద మోసిన మెకానిక్కే ముందుగా మంచం దూరంగా జరుపుకున్నాడు. తర్వాత పోయి సూపర్‌వైజర్‌కు చెప్పాడు. సూపర్‌వైజర్ బస్సు దగ్గర అందరి ముందూ బూటు విప్పించి, ముక్కు మూసుకున్నాడు.

ఆసుపత్రిలో కుడికాలు చీలమండ దాకా తీసేశారు. గాయం ఎండకముందే వీసా రద్దు చేసి చక్రాల కుర్చీలో విమానం ఎక్కించారు. ఆ రోజు మెకానిక్ కాలర్ పట్టుకున్నాను. వాడు విడిపించుకోలేదు. "నేనేం జేసిన? చెప్పులు గాయినే ఇడిసిండు" అన్నాడు. కాలర్ వదిలేశాను.

ఏడాదిలో రూము సగం మారింది. కొత్తవాళ్ళకు మెకానిక్ ఆ గోల్ కథ చెప్పేవాడు, గోల్ దాకానే చెప్పేవాడు. ఓసారి కెప్టెన్ ఊరినుంచి నాకు ఫోన్ చేస్తే, కొత్త కుర్రాళ్ళు లాక్కుని ఆ గోల్ ఏ కాలితో కొట్టావన్నా అని అడిగారు. కుడికాలితోనే అని వాడు గర్వంగా చెప్పడం నాకు వినపడింది. ఫోన్ తిరిగి నా చేతికొచ్చాక గొంతు తగ్గించాడు.

"కాలి సంగతి చెప్పినావా వాళ్ళకు?"

లేదన్నాను.

"చెప్పొద్దు గుంజా. గోల్ సంగతి చెప్పు."

సరేనన్నాను.

ఆ శుక్రవారం కొత్తవాళ్ళు ఇద్దరు బూట్లు విప్పి తారు మీద కాళ్ళు పెట్టారు. పెట్టీ పెట్టగానే గెంతుకుంటూ నా పక్కకు వచ్చిపడ్డారు. ఆయన ఎట్లా ఆడాడన్నా అని అడిగారు. ఆయనకు కాలినట్టు తెలిసేది కాదని చెప్పాను. వాళ్ళు చప్పట్లు కొట్టారు.