మాటసాయం మావయ్య

ఎదుటివాళ్ళ నోట్లో వాక్యం సగంలో ఆగితే చాలు, మాటసాయం మావయ్య నాలుక నిలిచేది కాదు. మిగతా సగం ఆయన పూర్తి చెయ్యాల్సిందే. పోనీలే, పెద్దమనిషి సాయం చేస్తున్నాడనుకుందామంటే, ఒక్కనాడు సరిగ్గా పూర్తి చేసిన పాపాన పోలేదు. మీరు తూర్పు అనబోతే ఆయన పడమర అంటాడు. మీరు పెళ్ళి అనబోతే ఆయన పరామర్శకి బయల్దేరతాడు.

ఒకసారి మందుల షాపులో ఒకావిడ నీరసంగా, "బాబూ, నాకు రాత్రిళ్ళు నిద్ర..." అని ఊపిరి తీసుకోవడానికి ఆగింది. అంతే, వెనకనుంచి ఆయన అందుకున్నాడు.

"ఎక్కువైపోతోందిట! తగ్గడానికేమైనా ఇవ్వవయ్యా!"

ఆవిడ నీరసం ఎటుపోయిందో! "పట్టట్లేదురా నాయనా!" అని షాపు అద్దాలు అదిరేలా అరిచింది. అరిచి ఊరుకోకుండా తన నిద్ర కథ, మొగుడి గురక కథ, పక్కింటి కుక్క కథ వరసగా చెప్పింది. అన్నీ చెప్పి, తేలికపడి, అసలు మందు తీసుకోవడమే మర్చిపోయి ఇంటికి వెళ్ళిపోయింది.

ఇంట్లో భార్యతోనూ ఇదే వరస.

"ఏవండీ, కూరలోకి ఉప్పు..."

"ఎక్కువైంది. ఫరవాలేదులే, తినేస్తాను."

"పొయ్యి మీద పెట్టందే ఎక్కువెలా అవుతుంది? ఉప్పు అయిపోయింది, తెమ్మంటున్నా!"

పెళ్ళైన నాటినుంచీ ఆ ఇల్లాలు ఆయన్ని దిద్దుతూనే ఉంది. "పంతులమ్మలకైనా వేసవి సెలవులుంటాయి. నాకు ఆ భాగ్యమూ లేదు" అని వాపోయేది.

ఇంతకీ ఈ మహానుభావుడు మిలటరీలో చేసిన ఉద్యోగం ఏమిటనుకున్నారు? వైర్‌లెస్ ఆపరేటరు! అవతలివాళ్ళు చెప్పిన వార్త విని, ఇవతలివాళ్ళకి అందించే పని. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా వీధివాళ్ళు గుండెలమీద చెయ్యి వేసుకునేవారు. "ఈయన వార్తలు నమ్ముకుని మనవాళ్ళు ఎటు పోవలసినవాళ్ళు ఎటు పోయారో!"

అందరూ అలా నవ్వుకుని ఊరుకునేవారు, ఒక్క దర్జీ చెల్లెమ్మ తప్ప. ఆవిడకి మాత్రం మావయ్యని చూస్తే ఒళ్ళు మండేది.

దానికో కారణం ఉంది. ఆవిడ కుట్టు దుకాణం పైనున్న గదిని మిలటరీలో పనిచేసి వచ్చిన ఒక నర్సమ్మ అద్దెకి తీసుకుంది. సాయంత్రమయ్యేసరికి మాజీ సైనికులు చేరేవారు. నర్సమ్మ వైద్యం చిత్రమైనది. "గుండెలో ఉన్నది కాగితం మీద పెట్టండి. కాగితం మీదది నోటితో చెప్పండి. నోటితో చెప్పింది నలుగురి ముందు ఆడి చూపించండి. నా దగ్గర మాత్రలు బోలెడున్నాయి కానీ, ఇది చేసినంత పని అవేవీ చెయ్యలేదు" అనేది. ఒక వంటాయన పేలిపోయిన తన పెద్ద గిన్నె గురించి నాటిక రాసి, గిన్నె వేషం కూడా తనే కట్టి, ఏడ్చి, నవ్వించి, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడట. ఆ గిన్నె వేషం కుట్టింది మన దర్జీ చెల్లెమ్మే.

ఆవిడ భర్త మిలటరీలో లారీ డ్రైవరు. ఇంటికి తిరిగొచ్చాడు కానీ, మాటలు మాత్రం దారిలో ఎక్కడో దింపేసి వచ్చాడు. "ఊఁ" అంటే సరే అని, రెండుసార్లు "ఊఁ" అంటే వద్దని ఆవిడ అర్థం చేసుకునేది. కొండదారిలో అతని పక్క సీట్లో కూర్చున్న స్నేహితుడు పోయాడు, ఇతను బతికాడు. ఆ స్నేహితుడి తల్లి అప్పుడప్పుడు ఫోను చేసి అడిగేది. "నాయనా, మావాడు చివర్లో ఏమన్నాడు?" అని. డ్రైవరు ఫోను భార్య చేతిలో పెట్టేసి పెరట్లోకి వెళ్ళిపోయేవాడు. ఆ పెద్దావిడ మాత్రం విసుక్కునేది కాదు. "పోనీలేమ్మా, చెప్పబుద్ధి అయినప్పుడే చెప్తాడు" అనేది. ఆ ఓపికే దర్జీ చెల్లెమ్మకి ముల్లులా గుచ్చుకునేది.

ఆఖరికి అతను నర్సమ్మ మాట విని ఆ రోజు గురించి రాశాడు. రాసింది ఎవరికీ చూపించలేదు. నర్సమ్మ వీళ్ళందరిచేతా వేయించబోయే నాటికల ప్రదర్శన రోజున తనే చెప్తానన్నాడు. పెద్దావిడ కూడా వస్తానంది. "ఫోనులో చెప్పలేనివాడు నలుగురిలో చెప్తాడేమో, వింటాను."

అలాంటి ప్రదర్శన రిహార్సల్‌కి, తెర పక్కన నిలబడి, ఎవరైనా ఆగిపోతే మాట అందించే పని నర్సమ్మ ఎవరికి అప్పజెప్పిందనుకున్నారు? మాటసాయం మావయ్యకి! దొంగ చేతికి తాళాలిచ్చినట్టు!

మొదటిరోజు డ్రైవరు నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. "ఆ రోజు బయట..." అని ఆగాడు.

"ఎండ మండిపోతోంది!" తెర పక్కనుంచి వినిపించింది.

డ్రైవరు అటు తిరిగి ఉరిమి చూశాడు. నోరు తెరిచాడు, మూశాడు. వెళ్ళి కూర్చున్నాడు. గుమ్మంలో టేపు మెడలో వేసుకుని నిలబడ్డ దర్జీ చెల్లెమ్మకి కడుపు రగిలిపోయింది.

మర్నాడు మళ్ళీ. "ఆ రోజు బయట..."

"ఎండ..."

"ఎండ కాదు! మంచు!" అన్నాడు డ్రైవరు.

"సరే, మంచు. నువ్వు బస్సు తోలుతున్నావు."

"బస్సేంటి? లారీ!"

"ఎర్ర లారీ."

"మిలటరీలో ఎర్ర లారీ ఎక్కడైనా చూశారా సార్ మీరు?"

ఇలా రోజూ. స్నేహితుడి ప్రస్తావన వచ్చేసరికి మాత్రం అతని నోటికి తాళం పడిపోయేది. ఒకరోజు దర్జీ చెల్లెమ్మ ఇక ఉండబట్టలేక, కత్తెర చేత్తో పట్టుకునే మావయ్య ఇంటికి వెళ్ళింది.

"అన్నయ్యగారూ, మీకు దణ్ణం పెడతాను. మా ఆయన నోరు తెరవడమే గగనం. ఆ తెరిచిన నోటికి మీరు అడ్డం పడకండి."

"అంటే, బాగా చెప్తున్నాడంటావు!"

"చెప్పనివ్వట్లేదంటున్నా!"

"అయితే ఇంట్లో కూడా మూగనోమేనన్నమాట."

"ఇంట్లోనా? నిన్న అన్నం తింటున్నంతసేపూ మిమ్మల్ని తిడుతూనే ఉన్నారు! 'మంచులో ఎండేంటే? చక్రాలకి గొలుసులు కట్టి తోలాం, వేళ్ళు స్టీరింగుకి అంటుకుపోయేవి, ఆయనకేం తెలుసు' అని ఒకటే గొడవ!"

"అన్నం అయ్యేదాకానేనా?" అన్నాడు మావయ్య ఆశగా.

"చేతులు కడుక్కున్నాక కూడా!"

మావయ్య మొహం చేటంతైంది. లోపల్నుంచి ఆయన భార్య వచ్చింది. "నవ్వుతారేంటండీ, సిగ్గులేకపోతే సరి! వదినా, ఈ మనిషితో మాటల వల్ల లాభం లేదు. నోటికే ఏదైనా అడ్డం పెట్టాలి."

దర్జీ చెల్లెమ్మకి ఆ సలహా నచ్చింది.

ప్రదర్శన ఒక ఆదివారం మధ్యాహ్నం, గ్రంథాలయం వెనక హాల్లో. తెర లేవడానికి ముందు దర్జీ చెల్లెమ్మ మావయ్యని పక్కకి పిలిచింది. "అన్నయ్యగారూ, ఆఖరి నిమిషంలో వేషాలు బిగించాలి. నాకు చేతులు చాలట్లేదు. కాస్త ఇవి పట్టుకోండి" అని, దర్జీలు పట్టుకున్నట్టే, ఆయన పెదాల మధ్య గుప్పెడు గుండుసూదులు పెట్టేసింది. "కదిలారో, గుచ్చుకుంటాయి."

ఆయన గుడ్లు తేలేసి నిలబడ్డాడు. జన్మలో మొదటిసారి మాటసాయం మావయ్య నోరు పడిపోయింది.

అప్పుడే, ముఖ్య అతిథిగా వచ్చిన రిటైర్డు కెప్టెన్ ఒకాయన తెర వెనక్కి వచ్చి, మావయ్యని చూసి పొంగిపోయాడు. "ఓహో, అద్దంగారా! ఎలా ఉన్నారు?"

"ఊమ్... ఊమ్..." అన్నాడు మావయ్య సూదుల్లోంచి.

"అద్దం ఏమిటండీ?" అంది దర్జీ చెల్లెమ్మ.

"మా యూనిట్లో ఈయన పేరదేనమ్మా. చెప్పింది చెప్పినట్టు అందించేవాడు. ఒక్క అక్షరం పొల్లుపోయేది కాదు."

"ఈయనా? మీరు ఎవర్ని చూసి ఎవరనుకుంటున్నారో!"

"ఈయనేనమ్మా! వైర్‌లెస్‌లో ఒక పద్ధతుంది. అవతలివాడు వార్త చెప్పాక మనం దాన్ని తిరిగి చదివి వినిపించాలి. తప్పుంటే వాడు దిద్దుతాడు. కొండల మీదున్న కుర్రాళ్ళకి భయంతో ఒక్కోసారి మాట పడిపోయేది. ఎంత పిలిచినా పలికేవాళ్ళు కాదు. అప్పుడు ఈయన ఏం చేసేవాడో తెలుసా? వాళ్ళు అప్పటిదాకా చెప్పినదాన్ని కావాలని తప్పుగా తిరిగి చదివేవాడు. ఎంత భయపడ్డవాడైనా తన మాట తప్పుగా వెళ్తుంటే ఊరుకుంటాడామ్మా? 'కాదు కాదు' అని లేచి కూర్చునేవాడు. ఇక ఆపకుండా చెప్పేవాడు."

దర్జీ చెల్లెమ్మ మావయ్య వంక చూసింది. ఆయన కళ్ళు పైకప్పు వాసాలు లెక్కపెడుతున్నాయి. వీధంతా చెప్పుకుని నవ్వుకున్న మందుల షాపు ఆవిడ గుర్తొచ్చింది. అన్నం ముందు కూర్చుని గుక్క తిప్పుకోకుండా తిట్టిన మొగుడు గుర్తొచ్చాడు. ఎన్నేళ్ళ తర్వాత ఆ ఇంట్లో అంతసేపు మాట వినబడిందో, కోపంలో తను గమనించనే లేదు.

ఈలోగా తెర లేచింది. డ్రైవరు వేదిక మధ్యలో నిలబడ్డాడు. ముందు వరసలో పెద్దావిడ ఒళ్ళో సంచి పెట్టుకుని, చెవి ఒగ్గి కూర్చుంది.

"ఆ రోజు బయట మంచు. నేను లారీ తోలుతున్నాను. ఆకుపచ్చ లారీ" అని, అలవాటుగా తెర పక్కకి ఒక చూపు విసిరాడు. "నా పక్కన నా స్నేహితుడు..."

ఆగిపోయాడు.

పెద్దావిడ సంచి పట్టు గట్టిగా బిగించింది. డ్రైవరు మళ్ళీ తెర పక్కకి చూశాడు. ఈసారి వెతుకుతూ చూశాడు. మావయ్య సూదులతో "ఊమ్, ఊమ్" అని గింజుకుంటున్నాడు. తీసే టైము లేదు. ఇంకో క్షణమైతే మొగుడు వెళ్ళి కూర్చుంటాడు. ఇక జన్మలో లేవడు.

దర్జీ చెల్లెమ్మ గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"నోట్లో నాలుక లేని మనిషట! దారి పొడుగునా మౌనవ్రతమేనట!" అని అరిచింది.

డ్రైవరు అదిరిపడ్డాడు. "ఎవరు? వాడా? వాడికి మౌనవ్రతమా? వాడు నోరు మూస్తే ఇంజను ఆగిపోయిందేమోనని దిగి చూసేవాణ్ణి నేను!"

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. డ్రైవరు ఆగలేదు. "పాడేవాడు. ఆ పాటకి కొండమేకలు కూడా పారిపోయేవి. అది లేకపోతే నా డ్రైవింగుని తిట్టేవాడు. ఆ రోజూ అంతే. మలుపులో బండి కాస్త జారింది. 'ఒరేయ్, మా అమ్మ పుట్టి బుద్ధెరిగి సైకిలు ఎక్కలేదు, ఆవిడ తోలినా నీకంటే నయంరా' అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు ఇంకా పూర్తి కాలేదు, పైనుంచి కొండ విరిగి పడింది." పెద్దావిడ వైపు తిరిగాడు. "అవేనమ్మా చివరి మాటలు. అంతకంటే గొప్పవి ఏమీ అన్లేదు. నాకు తోలడం రాదన్నదే వాడి చివరి మాటని మీకు ఎలా చెప్పను?"

పెద్దావిడ మెల్లగా లేచి నిలబడింది. కళ్ళు తుడుచుకుంది. నడుం మీద చెయ్యి వేసుకుంది.

"నేను సైకిలు ఎక్కలేదని వాడికెవడు చెప్పాడు?"

డ్రైవరు తెల్లమొహం వేశాడు.

"ఎక్కాను. వాడు పుట్టకముందే ఎక్కాను. పాలవాడి మీదకి తోలాను. పాలవాడు, నేను, సైకిలు, ముగ్గురం కాలవలో పడ్డాం. పరువు పోతుందని మావాడికి చెప్పలేదు. నాకంటే లక్షరెట్లు నయంగానే తోలావులే నాయనా. కొండే వచ్చి మీద పడితే నువ్వేం చేస్తావు?" అని, పక్క కుర్చీ మీద చేత్తో తట్టింది. "ఇలా దిగి వచ్చి కూర్చో. ఇంకా ఏమేం వాగేవాడో అన్నీ చెప్పు. పాట కూడా పాడి వినిపించు."

హాలు ఘొల్లుమంది. డ్రైవరు దిగి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఆ తర్వాతి అంశానికి ఎవరు ఎన్నిసార్లు పిలిచినా, ఆ ఇద్దరి మాటలు ఆపడం నర్సమ్మ తరం కాలేదు.

తెర వెనక మావయ్య భార్య ఒక్కొక్క సూదీ తీసి డబ్బాలో వేస్తోంది. కెప్టెన్ చెప్పిందంతా ఆవిడా విన్నది.

"అయితే అద్దంగారూ, వాళ్ళంటే మాట రానివాళ్ళు. ఇన్నేళ్ళుగా నన్నెందుకు చంపుకుతిన్నారు?"

"పెళ్ళైన కొత్తలో నువ్వు తల వంచుకుని, నోరు..."

"విప్పేదాన్ని కాదు. అవును."

"చూశావా, ఎంత సరిగ్గా అందించావో! అప్పట్లో నీ గొంతు ఎలా ఉంటుందో కూడా నాకు తెలీదు. అందుకని మీ అమ్మగారి పేరు కావాలని తప్పు చెప్పాను. నువ్వు దిద్దావు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత నువ్వు ఆపితే కదా!"

ఆవిడకి నవ్వొచ్చింది. మూతి బిగించి ఆపుకుంది. "సరే, జరిగిందేదో జరిగింది. ఇక నుంచైనా మీరు ఇంట్లో..."

"ఇంకా ఎక్కువ చెప్పమంటావు!"

ఆవిడ మారుమాట్లాడకుండా గుండుసూదుల డబ్బా మూత తీసింది.