అసెంబ్లీ పాయింట్‌లో అత్తగారు

జపాన్‌లో ఒక కొండ మీద, వందల ఏళ్లుగా ఎవరూ గొంతెత్తి మాట్లాడని ఒక గుడిలో, తెల్లారకముందే నేను వెలగబెట్టిన ఘనకార్యం ఒకటుంది. అది అయ్యాక ఆ గుడిలో చీపురు పట్టుకుని ఊడ్చినవాళ్లలో పెద్ద పూజారి కూడా ఉన్నాడంటే సంగతి ఎంతదాకా వెళ్లిందో మీరే ఊహించుకోండి. గుండె జబ్బులున్నవాళ్లు కూడా ధైర్యంగా చదవొచ్చు. ఎవరి ప్రాణాలూ పోలేదు. పరువు మాత్రం పోయింది, అదీ నాది ఒక్కడిదే.

నా పేరు అప్పలరాజు. స్టీల్ ప్లాంట్‌లో సేఫ్టీ డిపార్ట్‌మెంట్. అంటే భయపడ్డానికి జీతం తీసుకునేవాణ్ణన్నమాట. సైరన్ మోగితే గాలి ఎటు వీస్తోందో చూసి, జనాన్ని ఖాళీ చేయించి, అసెంబ్లీ పాయింట్ అని ఆకుపచ్చ బోర్డున్న చోట నిలబెట్టి, తలలు లెక్కపెట్టడం నా పని. ఆ పని నాతోపాటు ఇంటికీ వచ్చేసింది. పెళ్లికి వెళ్తే అందరూ భోజనాలెక్కడా అని చూస్తారు. నేను బయటికి పోయే దారెక్కడా అని చూస్తాను. రాత్రి గ్యాస్ రెగ్యులేటర్ కట్టేసి పడుకుంటాను, మళ్లీ లేచి చూస్తాను, ఆపైన మా ఆవిడ పద్మని లేపి "నువ్వొకసారి సూడవే" అంటాను. ఆవిడ చూడదు. తిడుతుంది.

నా ధైర్యం గురించి అందరికంటే బాగా తెలిసిన మనిషి మా అత్తగారు నూకాలమ్మ. చీకటుండగానే లేచి, ఫిషింగ్ హార్బర్‌లో మగాళ్లతో పోటీపడి వేలంపాటలో చేపలు పాడుకుని, బుట్టలకెత్తి అమ్మిన మనిషి. తుఫానంటే భయం లేదు, పోలీసంటే భయం లేదు. నన్ను చూస్తే మాత్రం జాలి. "అల్లుడు బాబూ, నువ్వు ఫేక్టరీలో మంటలార్పుతావంట! ఇక్కడ అగ్గిపుల్ల గీత్తేనే అవతలికి ఉరుకుతన్నావ్" అనేది. అదీ నలుగురిలో.

ఆవిడ పోయి ఏడాది కాలేదు. పోయిన దగ్గర్నుంచీ పద్మకి సరిగ్గా నిద్ర లేదు, నవ్వైతే అసలే లేదు. నన్ను తిట్టడం కూడా తగ్గించేసింది. నాకు నిజంగా భయం వేసింది. అలాంటి రోజుల్లో పద్మ వెళ్లే యోగా క్లాసువాళ్లు జపాన్ యాత్ర ఒకటి పెట్టారు. గుళ్లలో బస, అడవి దారుల్లో మౌనంగా నడక, మనసుకి నెమ్మది.

"జపానా? అక్కడ పొద్దున్న లెగిస్తే భూకంపాలే కదే!" అన్నాను.

"అక్కడ ఒక గుడిలో తెల్లారగట్ల హోమం సేసి, పోయినోల్ల పేర్లు సదువుతారంటండీ. అమ్మ పేరు సదివించాలి."

"దానికి జపాన్ దాకా ఎందుకు? మన ఊల్లో గుళ్లు నేవా?"

పద్మ మెల్లగా చెప్పింది. "హార్బర్‌లో వేలంపాట అమ్మకి కుదిరిందంటే పాటగాడు 'నూకాలమ్మా!' అని కేకేసీవోడు. అమ్మ 'వత్తన్నానెహె!' అనీది. సిన్నప్పుడు నాను పక్కనే నిలబడీదాన్ని. ఇప్పుడా పేరు ఎవులూ పిలవరు. అందరూ 'మీ అమ్మ, మీ అమ్మ' అంతారు. తెల్లారగట్ల, అలాంటి సీకట్లో, ఆ పేరు ఒక్కపాలి ఇనాలని ఉంది నాకు."

సంచి సర్దుకున్నాను. పోర్టులో క్రేన్ నడిపే మా బావ సింహాచలం, అంటే పద్మ వాళ్లన్నయ్య, "అమ్మ పేరంటే నానూ వత్తాను బావా" అని తనూ బయల్దేరాడు.

విమానం గురించి చెప్పను. పక్క సీటాయన చెయ్యి నేను దారంతా పట్టుకునే ఉన్న సంగతి పాపం ఆయన ఈపాటికి మర్చిపోయే ఉంటాడు.

అక్కడ మాకు దారి చూపించినావిడ పేరు హరుకో. సన్నగా, నెమ్మదిగా ఇంగ్లీషులో మాట్లాడేది. అడవి దారి మొదట్లోనే ఒక బోర్డు, దాని మీద ఎలుగుబంటి బొమ్మ. పైగా ఆ ఎలుగు నవ్వుతోంది.

"ఇదేమిటి మేడమ్?" అని అడిగాను.

"అప్పుడప్పుడు కనిపిస్తాయి. ఏం కాదు" అని నా సంచికి ఒక చిన్న గంట కట్టింది. "ఈ చప్పుడు వింటే అవే తప్పుకుంటాయి. ఇక మౌనంగా, మనసులోకి చూసుకుంటూ నడుద్దాం."

మనసులోకి ఎలా చూస్తామండీ? నా రెండు కళ్లూ పొదల్లోకే ఉన్నాయి. ఆకాశం కనపడనంత ఎత్తు చెట్లు. దారి పక్కన నాచు పట్టిన సమాధి రాళ్లు. అందరూ ఊపిరి పీల్చి వదుల్తున్నారు. నేను పీల్చడమే తప్ప వదల్డంలేదు. గంట చప్పుడు ఆగితే ఎలుగు వస్తుందని ఒకటే గెంతులు.

"ఏటి బావా, గంగిరెద్దులాగ ఆ గెంతులేటి?" అన్నాడు సింహాచలం.

"ఎలుగ్గొడ్డు వత్తే ముందు నిన్నే తింతాది. కండున్నది నీకే."

"నిజమే. నిన్ను తినాలంటే దానికీ విసుగే."

హరుకో పెదాల మీద వేలు పెట్టి మా ఇద్దరినీ మందలించింది. పద్మ మాత్రం వెనక్కి కూడా తిరగలేదు.

సాయంత్రానికి గుడి బసకి చేరాం. కాగితం తలుపులు, చాప నేల, నేల మీదే పరుపులు. ఆడవాళ్లకి వేరే గది. నేను మామూలుగానే బయటికి పోయే దారులు చూసుకుని, వరండా చివర మంటలార్పే ఎర్ర సిలిండర్ కనపడితే దానికి చెయ్యెత్తి మొక్కాను. ఆ గుడిలో నేను పెట్టిన మొదటి దండం అదే. ఈలోగా పద్మ ఒక చెక్కపుల్ల మీద వాళ్లమ్మ పేరు రాసింది. కింద హరుకో జపాన్ అక్షరాల్లో రాసిపెట్టింది. పొద్దున్న పూజారి ఆ పేరు చదివి, పుల్లని హోమంలో వేస్తాడట. పద్మ ఆ పుల్లని చంటిపిల్లని అప్పగించినట్టు రెండు చేతులతో అప్పగించింది.

భోజనాల దగ్గర కూర్చున్నాం. గిన్నెలో టీ సన్నగా వణికింది. కాగితం తలుపులు టకటకలాడాయి. భూకంపం! నేను చటుక్కున బల్ల కింద దూరిపోయాను. ఆ బల్ల మూరెడు ఎత్తు కూడా లేదు. తల పట్టింది, భుజాలు పట్టాయి, మిగతా నేనంతా బయటే.

"బావా, తల దాసేసుకున్నావ్, బాగానే ఉంది. మరి ఈ మిగతా మనిషి ఎవుడు?" అని సింహాచలం నా నడుం మీద తట్టాడు.

"చిన్నదే, ఇక్కడ మామూలే" అని హరుకో తాపీగా సూప్ తాగుతోంది.

అప్పుడే పద్మ వంగి బల్ల కిందకి ఏదో చెప్పింది. నేను "ఊఁ" అన్నాను. ఏం చెప్పిందో తర్వాత తెలిసింది. "పొద్దున్న నాను ముందే హోమం కాడికి ఎల్లిపోతాను. పెద్ద గంట కొడతారు. అది ఇనగానే మీరూ అన్నయ్యా వచ్చీండి" అన్నదట. నేల మళ్లీ ఎప్పుడు కదుల్తుందా అని చెవులు రిక్కించిన మనిషికి పెళ్లాం మాట ఎక్కడ వినపడుతుంది, మీరే చెప్పండి.

బూట్లు తలగడ కింద, ఈల మెడలో పెట్టుకుని పడుకున్నాను. ఈల ఎందుకంటారా? నేను ఈల లేకుండా పెళ్లికే వెళ్లను.

తెల్లవారుజామున "ధాం!" అని ఒక చప్పుడు. చెవితో విన్నది కాదు, పొట్టతో విన్నది. పరుపు కింద నేల జుమ్మంది. మళ్లీ "ధాం!" లేచి కూర్చున్నాను. పొగ వాసన. తలుపు కాగితం మీద ఎర్రటి వెలుగు ఎగిరెగిరి పడుతోంది. భూకంపం వచ్చింది, గుడి అంటుకుంది, ఇంతే సంగతులు!

"ఫైర్! ఫైర్! బావా, లెగు!" అని అరుస్తూ వరండాలో పరిగెత్తాను. ఈల ఊదాను చూడండి, అలా నా సర్వీసులో ఊదలేదు.

మా దగ్గర మాక్ డ్రిల్ పెడితే జనం టీ పూర్తిగా తాగేసి, కబుర్లు చెప్పుకుంటూ వస్తారు. ఇక్కడ ఒక్కరంటే ఒక్కరు ఎందుకని అడగలేదు. పండు ముసలాళ్లు, ఎవరో తెల్లదొర దంపతులు, మా యోగా బృందం, అందరూ పడుకున్న బట్టల్లోనే, తోపులాట లేకుండా, ముంగిట్లో వరసగా నిలబడిపోయారు. అంత అందమైన డ్రిల్ నేనెన్నడూ చూడలేదు. ఒక్క క్షణం భయం మర్చిపోయి గర్వపడ్డాను కూడా.

హరుకో చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది. "రాజుగారూ! మంట కాదు! అంటే, మంటే! కానీ ప్రమాదం కాదు!"

"గాబరా పడకండి మేడమ్. లైన్లో నిలబడండి" అని తలలు లెక్కపెట్టడం మొదలెట్టాను. మా బృందంలో ఒక తల తక్కువొచ్చింది. మళ్లీ లెక్కపెట్టాను. మళ్లీ తక్కువే.

"బావా," అన్నాడు సింహాచలం. వాడి గొంతులో వెటకారం లేదు. "పద్మ నేదు బావా."

అప్పటిదాకా నేను పడ్డవి భయాలే కావని అప్పుడు తెలిసింది. ఎలుగుబంటీ, విమానం, భూకంపం, అవన్నీ ఉత్త సరదా. హరుకో నా చొక్కా పట్టుకుని ఏదో చెప్తోంది, నాకు పెదాలు కదలడమే కనపడుతోంది. విదిలించుకుని లోపలికి ఉరికాను. ఎర్ర సిలిండర్ పీక్కుని, ఎర్రటి వెలుగున్న తలుపు తోసేశాను.

ఎదురుగా మంట, ఇంతెత్తున. దాని ముందు పద్మ, కళ్లు మూసుకుని, కదలకుండా. స్పృహ తప్పిందనుకున్నాను. పిన్ను లాగాను. మంట వెనకున్న పెద్ద పూజారి ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. సాయం అడుగుతున్నాడనుకున్నాను.

"వత్తన్నా పద్మా!" అని మీట నొక్కాను.

బుస్సుమని లోకమంతా తెల్లబడిపోయింది. పౌడరు తగ్గాక చూస్తే హోమం లేదు. దేవుడి విగ్రహం తెలుపు, పూజారి కనుబొమ్మలు తెలుపు, పద్మ నెత్తి నుంచి పాదం దాకా తెలుపు. ఆ తెలుపులో రెండు కళ్లు తెరుచుకున్నాయి.

"ఏటండీ ఇది?"

"మంట... ఆర్పీసాను."

"అది హోమం అండీ."

"...అవునా?"

"గంట కొడతారని రాత్రి సెప్పాను కదా. ఊఁ అన్నారు కదా."

తిడితే బాగుండును. తిట్టలేదు. పౌడరు కింద మునిగిపోయిన చెక్కపుల్లల పళ్లెం వైపు చూసింది. "అమ్మ పేరు ఇంకా సదవనేదండీ" అంది, అంతే. ఇంతదూరం ఆ ఒక్క పిలుపు కోసమే వచ్చింది ఆ మనిషి. భూమి బద్దలై నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. అవసరమైనప్పుడు అదీ కదలదు.

పెద్ద పూజారి దగ్గుకుని, నన్ను కిందా పైనా చూసి, వెనకే వచ్చిన హరుకోతో ఏదో అన్నాడు.

"మీరేం పని చేస్తారని అడుగుతున్నారు."

"సేఫ్టీ" అన్నాను, నేల చూస్తూ.

ఆయన తల పంకించాడు. "బాగా చేస్తారు అంటున్నారు" అంది హరుకో. "ఇక్కడ ఊపిరాడదట. జనమంతా ఎలాగూ బయటే నిలబడ్డారు కాబట్టి పేర్లు అక్కడే చదువుతారట."

అలా ముంగిట్లోకి చేరాం. ఇంకా చీకటిగానే ఉంది. కాళ్లకింద తడి రాళ్లు, ముఖానికి చలిగాలి, చెప్పుల్లేకుండా వరసగా జనం. ఇనప కుంపట్లో చిన్న మంట రాజేశారు. దాని వైపు నేను కన్నెత్తి కూడా చూడలేదు. పూజారి ఒక్కో పుల్లని కండువాతో తుడిచి పేరు చదువుతున్నాడు. లోపలైతే మంత్రంతో కలిపి గొంతులోనే చదివేవారట. బయట ఈ గాలికి, ఇంత వరసకి వినపడాలి కదా, కేక వేయక తప్పలేదు ఆయనకి.

"నూకారమ్మా!" ఆయన నోట్లో 'ల' కాస్తా 'ర' అయింది.

కొండలోంచి ఆ పేరు తిరిగి వినపడింది. పద్మ ఉలిక్కిపడింది. చీకటి, తడి నేల, చెప్పుల్లేని జనం, ఆ కేక. ఒక్కసారి గొంతు సవరించుకుని, అచ్చం వాళ్లమ్మ గొంతుతో, "వత్తన్నానెహె!" అంది.

అనేసి నవ్వింది. ఇన్నాళ్లుగా దాచుకున్నదంతా ఒకేసారి వచ్చినట్టు, ఒంటిమీద పౌడరు రాలేటట్టు నవ్వింది. కళ్లనీళ్లు తెల్లటి బుగ్గల మీద చారలు కట్టాయి. పూజారీ నవ్వాడు. అంత లావు సింహాచలం నా భుజం మీద తల పెట్టి ఏడ్చేశాడు. నాకు ఏం చెయ్యాలో తోచక అలవాటైన పనే చేశాను. తలలు లెక్కపెట్టాను.

"ఏటి బావా, లెక్క సరిపోనాదా?" అన్నాడు సింహాచలం ముక్కు చీదుకుంటూ.

"నేదు బావా. ఒకలు ఎక్కువున్నారు."

ఎక్కడో నిలబడి నా గురించి ఏదో అనే ఉంటుంది మా అత్తగారు, నలుగురిలో.

తర్వాత మధ్యాహ్నం దాకా ఊడ్చాం, పూజారీ నేనూ పక్కపక్కనే. కాబట్టి పాఠకులారా, మంటలార్పే ఎర్ర సిలిండర్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ దేశంలోనైనా సరే, గుడిలో గంట మోగితే ఈల ఊదను. దేవుడి ఎదట వెలిగే ఏ మంట మీదా పౌడరు చల్లను. బల్ల కింద ఉండగా భార్య ఏం చెప్పినా, పూర్తిగా బయటికి వచ్చేదాకా ఊఁ అనను. ఇది నా ఒట్టు.

ఇది రాస్తుంటే పద్మ లోపల్నుంచి అడుగుతోంది, "ఏటండీ, గ్యాసు కట్టీసారా?" అని. కట్టేశాను. అయినా ఒకసారి చూసొస్తాను.