అమ్మకానికి లేని కొయ్యమనిషి

మొన్న హన్మకొండలో, పాతసామాన్ల దుకాణంలో ఒక కొయ్యగుర్రాన్ని బేరమాడితే "అది అమ్మేది కాదు సార్" అన్నాడు కొట్టువాడు. ఆ మాటకు, అక్కడి కలరా ఉండల వాసనకు, చిన్నప్పుడు నాయినతో వెళ్లిన మ్యూజియం గుర్తొచ్చింది.

అక్కడ అద్దాల పెట్టెలో జానెడు కొయ్యమనిషి ఉండేవాడు. నాకు వాడు కావాలి. "ఎంతకిస్తరు తాతా?" అని కాపలాదారును అడిగాను.

"అమ్మేది కాదు బిడ్డా. రాజులు పుట్టకముందుది, వేల ఏండ్లది. బురదల కూరుకపోయి ఉండె, గందుకే చెదలు వట్టలే."

నేను నమ్మలేదు. మా గిన్నెల కొట్టు అల్మారాను రెండేళ్లకే చెదలు తిన్నాయి. "అంత పాత సరుకైతే అగ్గువకియ్యాలె గద!" అన్నాను. ఆయన నవ్వాడే తప్ప ధర చెప్పలేదు.

మొదట అమ్మేది కాదనడం ధర పెంచడానికేనని మా బజారులో పసిపిల్లలకూ తెలుసు. "అయితే వద్దు తియ్" అని, అమ్మ చీరల కొట్లో చేసినట్టే గుమ్మం దాకా మెల్లగా నడిచాను. తాత వెనక్కి పిలవలేదు. చెప్పు సరిచేసుకుంటూ ఇంకాసేపు ఆగాను.

"ఏందిరా, ముల్లు గుచ్చిందా?" అన్నాడు నాయిన.

మొన్నటి కొట్టువాడు మాత్రం నేను గడప దాటకముందే "సార్, జర ఆగుండ్రి" అని పిలిచాడు. పిలవని తాతే కళ్లలో మెదిలి, ఆ గుర్రం ఇక కొనబుద్ధి కాలేదు.