ఏడున్నర సైజు టైర్లు

పోయిన నెలలో ఒకరోజు మార్కాపురంలో కంభం రోడ్డు మీద ఒక టైర్ల దుకాణం ముందు ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని రెండు గంటలు కూర్చున్నాను. మా అన్న మనవడు, వరసకు నాకూ మనవడే, కొత్తగా కొన్న జీపుకు ఉన్న టైర్లు పీకించి వాటికంటే నాలుగు వేళ్ళ ఎత్తు పెద్దవి వేయించుకుంటున్నాడు. పీకిన టైర్లకు కొత్త రబ్బరు వెంట్రుకలు కూడా ఇంకా అరిగిపోలేదు. వాటిని చెత్తబుట్టల్లా గోడవారన దొర్లించారు. "తాతా, నువ్వు ఒకప్పుడు జీపు మెకానిక్‌వి గదా, వచ్చి కూర్చో, నీకూ సరదాగా ఉంటాది" అని తీసుకొచ్చాడు గానీ, నా మాట వినడానికి తీసుకురాలేదని కూర్చున్న కాసేపటికే అర్థమైంది.

ఊరుకోవడం నాకు చేతకాదు. టైరు పెద్దదైతే ఎత్తెక్కేటప్పుడు ఇంజను గుంజలేదనీ, బ్రేకులు ఆ సైజుకు సరిపోవనీ, బండి ఎత్తు పెరిగి మలుపులో ఒరుగుతుందనీ, మీటరు ఒక వేగం చూపిస్తే బండి ఇంకో వేగంతో పోతుందనీ, నాకు తెలిసిందంతా చెప్పాను. వాడు సెల్‌ఫోన్ లోంచి తల ఎత్తి, దుకాణంలో నలుగురు వింటుండగా, "నువ్వు చెప్పేది తప్పు తాతా. అది మీ కాలం జీపు సంగతి. దీని పవరు వేరే, బ్రేకులు వేరే" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మా కాలంలో పెద్దవాడి ముఖం మీద నువ్వు చెప్పేది తప్పు అనే మగాడు మా తాలూకాలో పుట్టలేదు. ఈ పిల్లలకు మొగమాటం అనేది తల్లిదండ్రులు నేర్పలేదా, లేక నేర్పినా ఆ ఫోన్లలో పడి కొట్టుకుపోయిందా అని లోపల తిట్టుకుంటూ కూర్చున్నాను.

అంతలో దుకాణం అతను కొత్త టైరు బిగించి స్టీరింగు పూర్తిగా ఒకవైపుకు తిప్పాడు. టైరు లోపలి అంచుకు రాసుకుని కర్రుమంది. అతను వంగి చూసి, "ఏం కాదన్నా, స్టాపర్ బోల్టు కొంచెం బయటికి జరిపితే ఇక తగలదు" అన్నాడు. ఆ ఒక్క మాటకు టీ గ్లాసు కింద పెట్టేశాను. యాభై ఏళ్ళకు పైగా అయింది నేను ఆ మాట విని. అప్పట్లో ఆ మాట అన్నది నేనే.

మా తాలూకాలు కర్నూలు జిల్లాలోంచి కొత్త జిల్లాలోకి వచ్చిన తొలిరోజులవి. నేను ఐదో తరగతితో బడి మానేసినవాడిని. అయినా పొదిలిలో ఒక నిఘంటువు కొనుక్కుని, జీపుతోపాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని ఒక చలికాలమంతా కూడబలుక్కుని చదివి, ఇరవై నాలుగేళ్ళకే మార్కాపురంలో జీపు విప్పి మళ్ళీ బిగించగలిగిన కొద్దిమందిలో ఒకడినయ్యాను. ఆ గర్వం నాకు చాలా ఉండేది. మా అమ్మ తమ్ముడు, అంటే మా మామ, ఒక పలకల క్వారీ ఆసామి దగ్గర జీపు నడిపేవాడు. మిలిటరీ వేలంలో కొన్న పాత జీపు అది. నాకంటే పదేళ్ళు పెద్దవాడు. నవ్వితే మీసం ఒకవైపే లేచేది. నేను చేసిన ప్రతి రిపేరునూ ఊరంతా తిరిగి చెప్పేవాడు. "మా అల్లుడు ఇంగ్లీషులో జీపు బాగుచేస్తాడు" అని ఆయన అంటుంటే నేను సిగ్గు పడుతున్నట్టు నటించేవాడిని.

ఆ జీపుకు వచ్చిన చిక్కల్లా వానాకాలమే. క్వారీ దారిలో బురద, మా ఊరి దారిలో వానొస్తే నీళ్ళు మీది నుంచే పారే వాగు చప్టా. కొనకనమిట్ల వైపు మెట్ట ఊళ్ళ సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, పది నెలలు చుక్క పడదు, పడితే ఊరికీ టౌనుకూ సంబంధం తెగిపోతుంది. జీపు కూరుకుపోయిన ప్రతిసారీ క్వారీ కూలీలంతా వచ్చి తోసేవాళ్ళు. విసుగు పుట్టి ఆసామి, పెద్ద టైర్లు వేస్తే ఎట్ల ఉంటాదో చూడమని మామకు చెప్పాడు. మామ నన్ను అడిగాడు.

మాకు అప్పట్లో ఏది ఆలోచించాలన్నా కాగితం అవసరం లేదు, చేయి చాపితే పలక. అంచు విరిగిన పలక ఒకటి తీసుకుని మధ్యలో గీత కొట్టాను. ఎడమవైపు మంచి, కుడివైపు చెడ్డ. మంచి వైపు, నేలకూ బండికీ ఎడం పెరుగుతుంది, బురదలో మునగదు, చప్టా మీద నీళ్ళు ఇంజనుకు అందవు అని రాశాను. చెడ్డ వైపు, ఎత్తులో గుంజుడు తగ్గుతుంది, బ్రేకు ఆలస్యంగా పట్టుకుంటుంది, స్టీరింగు బరువవుతుంది, పూర్తిగా తిప్పితే టైరు లోపల రాసుకుంటుంది అని రాశాను. కాసేపు చూసి, ఆఖరిది వేలితో చెరిపేశాను. దానికి నా దగ్గర మందు ఉంది మరి. స్టీరింగు ఎంతవరకు తిరగాలో ఆపే బోల్టు ఒకటి ఉంటుంది, దాన్ని కొంచెం బయటికి లాగి బిగిస్తే టైరు రాసుకునేదాకా తిరగనే తిరగదు. చెడ్డ వైపు ఒకటి తగ్గి రెండు వైపులా సమానమయ్యాయి, నా మనసు మంచి వైపుకు మొగ్గింది. రాసుకోకుండా ఆపానే గానీ, తిరగాల్సిన బండిని తిరగకుండా ఆపుతున్నానన్నది నాకు తట్టలేదు. మా దారుల్లో అంత మలుపులేవీ? మా వైపు రోడ్లన్నీ గీత గీసినట్టు పోతాయి.

టైర్లు ఇచ్చిన భాయి మార్కాపురంలో అందరికీ తెలిసినవాడే. ఆరు పదహారు సైజు ఉన్నచోట ఏడున్నర పదహారు వేయమంటే జీపు చుట్టూ ఒకసారి తిరిగి, "పిల్లోడికి వాళ్ళ అబ్బాజాన్ బూట్లు తొడుగుతుండారే, నడుస్తాడా, పడతాడా?" అన్నాడు. మామ పగలబడి నవ్వి, "మా అల్లుడు ఉండాడు గదా భాయీ, పడనియ్యడు" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

మంచి వైపు రాసినవన్నీ నిజమయ్యాయి. అది ఒప్పుకోకపోతే అబద్ధమాడినవాడినవుతాను. ఆ ఏడు తుఫాను పట్టి మూడు రోజులు వదలలేదు. మా వదినకు నెలలు నిండి, నొప్పులు మొదలై, మంత్రసాని బిడ్డ అడ్డం తిరిగిందని చేతులెత్తేసింది. తెల్లవారగానే మామ జీపు తెచ్చాడు. చప్టా మీద మోకాలి పైకి నీళ్ళు పారుతున్నాయి. ఎద్దుల బండి అయినా, పాత టైర్ల జీపు అయినా అక్కడే ఆగిపోవాలి. మామ ఒక్కసారి నా వైపు చూసి గేరు వేశాడు. నీళ్ళు రెండువైపులా చీలుతుంటే వెనక సీట్లో వదిన తల ఒళ్ళో పెట్టుకుని నేను నా టైర్లకు దండం పెట్టుకున్నాను. మార్కాపురం ఆసుపత్రిలో మధ్యాహ్నానికి కాన్పయింది. ఆ పుట్టినవాడి కొడుకే ఇవాళ నన్ను నలుగురిలో తప్పన్నవాడు.

అది జరిగి నెల తిరగలేదు. నంద్యాలలో ఒక బడికి పలకలు అర్జెంటుగా కావాలంటే ఆసామి పెట్టెలు జీపులో వేసి మామను పంపాడు. గిద్దలూరు దాటి నల్లమల ఘాటు ఎక్కాలి. ఆ ఘాటులో ఒక మలుపుంది, మామూలు జీపు ఒక్క తిప్పుకు తిరిగేది. మామ జీపు తిరగలేదు. వెనకాల వస్తున్న కట్టెల లారీ అతను చూసి చెప్పాడు. ముందు చక్రాలు సగం తిరిగి ఆగిపోయాయట, మామ బండి ఆపి కొంచెం వెనక్కి తీసుకోబోయాడట, ఎత్తు మీద బరువుతో ఉన్న బండి బ్రేకుకు నిలవకుండా వెనక్కే జారి, వెనక చక్రం అంచు దిగిపోయిందట. లోయ నిండా పలకలు. నేను పోయేసరికి ఎండకు అవి మెరుస్తున్నాయి.

ఊళ్ళో వాళ్ళు మామ తాగి నడిపినాడన్నారు. టీ తప్ప ఇంకొకటి ముట్టని మనిషి. ఆ మాట అన్నవాళ్ళ మీద చెయ్యి చేసుకోబోయాను గానీ, అసలు మాట మాత్రం నోరు దాటలేదు. జీపును పైకి లాగిన రోజు ఎవరూ చూడకుండా ఆ బోల్టు విప్పి జేబులో వేసుకున్నాను. ఆ తర్వాత మెకానిక్ పని మానేసి క్వారీలో లెక్కలు రాసే పనికి పోయాను. మా అత్త ఇద్దరు ఆడపిల్లలను పెట్టుకుని, పలకలకు చెక్క అంచులు బిగించే షెడ్డులో చేరింది. రోజూ ఎదురుపడేవాళ్ళం. "అన్నం తిన్నావా అబ్బయ్యా?" అని అడిగేది. తిన్నానత్తా అనేవాడిని. యాభై ఏళ్ళు అంతే.

ఇదంతా ఆ టైర్ల దుకాణం ముందు కూర్చుని మా మనవడికి చెప్పేశాను. వాడు ఫోను జేబులో పెట్టి విన్నాడు. తర్వాత లేచి దుకాణం అతనితో, "స్టాపర్ జోలికి పోవద్దన్నా. ఇవి తీసేసి ఒక సైజు తగ్గించి వెయ్యి, ఏడా తగలకూడదు" అన్నాడు. నా వైపు తిరిగి, "బ్రేకుల సంగతి మాత్రం నువ్వు చెప్పింది తప్పే తాతా" అని కూడా అన్నాడు. వాడి పొగరు వాడిది.

వారం తర్వాత మనవడు నడుపుతుంటే ఆ జీపులోనే గిద్దలూరు పోయాను. అత్త అక్కడ చిన్న కూతురి ఇంట్లో ఉంటుంది. ఎనభై దగ్గర పడింది, వరండాలో కూర్చుని కందికాయలు వలుస్తోంది. ఇన్నేళ్ళు దాచిన ఆ బోల్టు ఆమె ముందు పెట్టి, ఇది నేను బిగించింది అత్తా, మామ దీని వల్లే పోయినాడు అన్నాను. ఆమె దాన్ని ముట్టుకోలేదు. చేతిలో కాయ వలవడం పూర్తి చేసి అప్పుడు తలెత్తింది.

"నాకు తెలుసు లేబ్బయ్యా. ముందురోజు అన్నం తింటా చెప్పినాడు మీ మామ. స్టీరింగు సరిగ్గా తిరగట్లేదే, వాడేందో బిగించినాడు, ఘాటులో ఇబ్బందయ్యేట్టుంది అన్నాడు. విప్పించెయ్యరాదా అంటిని. వద్దులే, అంత చదివి చేసినాడు, తప్పు జేసినావంటే మొగం చిన్నబుచ్చుకుంటాడు, నిదానంగా నేనే పోతాలే అన్నాడు."

ఇన్నేళ్ళు నాకెందుకు చెప్పలేదత్తా అన్నాను.

"చెప్తే నువ్వు బతుకుతావా? ఆయన మొగమాటపడి పోయినాడు. నేనూ అట్లనే ఉండిపోతిని" అని, మళ్ళీ కాయలు వలవడంలో పడింది.

బయటికి వచ్చి జీపులో కూర్చున్నాను. ఈ కాలం పిల్లలకు పెద్దల ముందు నోరు ఎక్కువైందని ఎన్నిసార్లు మండిపడ్డానో లెక్కలేదు, నా ఈడు వాళ్ళయితే మీరూ మండిపడే ఉంటారు. మా మొగమాటాలను మర్యాద అనుకుని బతికాం. వీడి నోటి దురుసులో సగం మా మామకు ఉండి, భోజనం దగ్గర్నుంచి లేచి నేరుగా నా దగ్గరికి వచ్చి, ఒరే నువ్వు చేసింది తప్పురా అని ఉంటే, ఆ రోజుకు నా మొగం చిన్నబోయేది. అంతే కదా!

ఘాటు వైపు పోనివ్వమన్నాను. ఆ మలుపు ఎక్కడో చూపించమని మనవడు అడిగాడు. చెట్టు గుర్తు పెట్టుకున్నాను, ఆ చెట్టు లేదు. కొండను చెక్కి రోడ్డు వెడల్పు చేశారు. కారు వెనక కారు ఆగకుండా తిరుగుతున్నాయి. మా బండి కూడా ఒక్క తిప్పుకు తిరిగింది. "ఏ మలుపు తాతా?" అని వాడు మళ్ళీ అడిగేసరికి, అప్పటికే అది దాటిపోయింది.