పేరు పెట్టి పిలిచిన వీధి

నిన్న పులివెందుల నుంచి మా చిన్నమ్మ పంపిన సంచి విప్పి, ఒక చీనీకాయ తొక్కలోకి గోరు దించానో లేదో, ఆ ఘాటు వాసన ముక్కుకు తగిలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తొక్క రసం చింది కంట్లో పడిందని మా అమ్మాయికి చెప్పాను గానీ అది ఉత్త మాట. మిగతా ఊళ్ళవాళ్ళు బత్తాయి అనే ఈ కాయను మా కడప వైపు చీనీకాయ అంటాం. ఆ ఒక్క మాటతో మా జేజి, అంటే నాయనమ్మ, చేసిన గందరగోళం తలుచుకుంటే ఇప్పటికీ ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకుంటాను.

మాది ప్రొద్దుటూరులో బట్టల అంగళ్ళ వెనక సందు. కింద మేము, పైన అద్దె ఇల్లు. నేను ఐదో తరగతి పూర్తి చేసిన ఎండాకాలం అది. మిద్దె మీద కాలు పెడితే చురుక్కుమనే ఎండలు, పొద్దు వాలాక వాకిట్లో నీళ్ళు చల్లితే లేచే మట్టి వాసన, నన్నారి షర్బత్ బండి గంట, నిమ్మకాయ పిండిన బొరుగుల ఉగ్గాని, దాంట్లోకి నంజుకునే మిరపకాయ బజ్జీలు, అరుగు మీద కాళ్ళు చాపుకుని చేటలో శెనక్కాయలు ఒలుస్తూ దారిన పోయేవాళ్ళందరినీ పలకరించే మా జేజి. అలాంటి ఒక సాయంత్రం నాయన అంగడి నుంచి వచ్చి, "పైనింట్లోకి చీనీవోళ్ళు దిగుతాండారు" అన్నాడు. చీనీ తోటలంటే పులివెందులే తెలిసిన జేజి చేట పక్కన పెట్టి, "పులివెందలోళ్ళా? తోట యాడుందంట?" అంది.

వాళ్ళు చైనా దేశంవాళ్ళనీ, ముద్దనూరు దగ్గర థర్మల్ కరెంటు కేంద్రంలో కొత్త మిషన్లు బిగించడానికి వచ్చిన ఇంజనీరు కుటుంబమనీ నాయన ఎంత చెప్పినా ఆమె చెవికెక్కలేదు. తీరా వాళ్ళు దిగిన రోజు సామానులో ఒక్క కాయ కూడా కనబడకపోయేసరికి, "పాపం, ఈ యేడు కాపు రాలేదేమో" అని జాలిపడి, మా మేనత్త జమ్మలమడుగు నుంచి తెచ్చిన చీనీకాయలనే గంపలో పోసి నా నెత్తిన పెట్టి పైకి తోలింది. తలుపు తీసింది నా ఈడు పిల్ల. నుదుటి మీద బారుగా కత్తిరించిన జుట్టు, మోకాళ్ళ దాకా తెల్ల సాక్సు. గంప చూసి, నన్ను చూసి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, "మెయ్" అంది. అదీ తన పేరు.

ఇంక చూడండి తమాషా! మా సీమలో ఆడపిల్లను పిలవాలంటే పేరుతో పనేముంది? "రా మే", "ఏం మే", "యాడికి పోతాండావు మే" అనడమే. పాలామె గిన్నె తెమ్మని మా అమ్మను "మే" అంటే, మెయ్ మెట్లు దిగి వచ్చేది. కొళాయి దగ్గర ఎవరు ఎవర్ని కేకేసినా "యెస్!" అంటూ ప్రత్యక్షమయ్యేది. వాళ్ళ భాషలో అమ్మను మామా అంటారట. తను పైనుంచి "మామా!" అని అరిస్తే సోడా బండి ఆయన తలెత్తి, "ఏం పాపా, ఒక సోడా కొట్టాల్నా?" అనేవాడు. మొదట్లో వీధంతా విరగబడి నవ్వింది. కొన్నాళ్ళకు కావాలనే, ఆ పిల్ల వస్తుందని, నోరారా మే అని పిలవడం మొదలుపెట్టింది.

అయితే పైనింట్లో ఒక దిగులుంది. ఊళ్ళో ఇంగ్లీషు బడివాళ్ళు, బడి తెరిచే నాటికి పాప ఒక పాఠం చదివి, ఒక పేజీ సొంతంగా రాస్తేనే చేర్చుకుంటామన్నారు. లేకపోతే అమ్మానాన్నలు ఇక్కడ, మెయ్ ఒక్కతే చైనాలో అవ్వ దగ్గర. ఆ మాట నాకు అర్థమయ్యేలా తనే చెప్పింది: "మామా హియర్. ఐ నాట్ గో." అలా చెప్పి ముఖం తిప్పుకుంది. నాకు దేవుడిచ్చిన అక్కచెల్లెళ్ళు లేరు. ఇన్నాళ్ళకు ఒకతె దొరికితే ఇంగ్లీషు గ్రామరు ఎత్తుకుపోతుందా అని నాకు ఏడుపొచ్చింది.

హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన ఖాదర్ సారు మా వెనక సందులోనే ఉండేవారు. మెయ్‌కు ట్యూషన్ ఆయన దగ్గరే. తోడుగా నన్నూ తోలారు. ఆయన వరండాలో అత్తరు, సుద్దముక్క కలిసిన వాసన, లోపలి నుంచి వాళ్ళ ఇంటామె పంపే సేమ్యా పాయసం, మా ఇద్దరి తప్పులు. నీ తల్లి ఏం చేస్తోందని ఇంగ్లీషులో అడిగితే నేను "ఇట్ ఈజ్ కుకింగ్" అన్నాను. తెలుగులో అమ్మ వచ్చినా ఆవు వచ్చినా 'వచ్చింది' అనే కదా, నా తప్పేముంది? మెయ్‌ది ఇంకో దారి. వాళ్ళ భాషలో నోటితో అనేటప్పుడు ఆడకైనా మగకైనా ఒకటే మాటట, అందుకని అందరూ తనకు 'హీ'యే. ఒకరోజు జేజిని చూపించి "హీ ఈజ్ గుడ్" అంది. నేను తెలుగులో చెప్పాను. జేజి బుగ్గలు నొక్కుకుని, "ఏందీ, నేను మొగోడా? మీసాలు యాడ కనబడినాయి మే నీకు?" అని ఆ పిల్ల చెవి మెలేసి, చేతిలో బెల్లం ముక్క పెట్టింది.

అసలు తంటా క్రియలతో. మేం పొద్దున లేస్తే చేస్తాండా, పోతాండా, తింటాండా అనే జనం కాబట్టి నాకు ప్రతి మాటకూ ఐఎన్‌జీ తగిలించడం అలవాటు: "ఐ యామ్ నోయింగ్, ఐ యామ్ హావింగ్." మెయ్‌కు ఏదీ తగిలించే అలవాటే లేదు. నిన్నా గో, రేపూ గో. సారు తల పట్టుకుని, "ఒకదానికి అన్నిట్లో ఉప్పు ఎక్కువ, ఇంకోదానికి అసలు ఉప్పే లేదు. మీ ఇద్దర్నీ కలిపి దంచితే గానీ నాకు ఇంగ్లీషు రాదు!" అనేవారు. మేం కలిసే దంచాం. చింతచెట్ల కింద, నీళ్ళు చల్లిన మిద్దె మీద, అష్టాచెమ్మా గవ్వలు చేత్తో పట్టుకునే, నేను ఒక వాక్యం, తను ఒక వాక్యం.

బడి తెరిచే ముందు పరీక్ష పెట్టారు. మెయ్ లోపల, మేమంతా బయట వరండాలో. వాళ్ళ అమ్మ చేతిసంచి పట్టీని వేళ్ళకు చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుంది. ఆమెకు మా మాటలు రావు, అయినా జేజి పక్కన చేరి, "ఏం కాదులే మే" అని వీపు నిమిరింది. మీ వీధి గురించి రాయమన్నారట. కాసేపటికి లోపల పెద్ద మేడం పకపకా నవ్వడం వినిపించింది. నేను పక్కనే ఉన్న ఖాదర్ సారు చొక్కా అంచు పట్టుకున్నాను. మేడం బయటికొచ్చి, కాగితం పట్టుకుని, సారుకు గట్టిగా చదివి వినిపించారు: "ఐ యామ్ లివింగ్ ఇన్ ప్రొద్దుటూర్. ఆల్ పీపుల్ ఆర్ నోయింగ్ మై నేమ్. ఫ్రమ్ మార్నింగ్ దే ఆర్ కాలింగ్, కాలింగ్. సో ఐ యామ్ నాట్ గోయింగ్."

వీధిలో అందరికీ నా పేరు తెలుసు, పొద్దున్నుంచీ పిలుస్తానే ఉంటారు, అందుకే నేను పోవడం లేదు. అదీ తను రాసింది. ఆ ఐఎన్‌జీలన్నీ నావే, సారు సిగ్గుతో తల దించుకున్నారు. మేడం కళ్ళు తుడుచుకుంటూ, "సారూ, తప్పులన్నీ మన పిల్లోళ్ళ తప్పులే గదా! ఈ పాపను యాడికి పంపిస్తాం? ఈడనే కూచ్చోబెట్టుకుంటాం" అన్నారు. ఆ సాయంత్రం జేజి ఓళిగలు, అంటే బొబ్బట్లు, చేసి సందు సందంతా పంచింది.

మే అన్నది నీ పేరు కాదు తల్లీ, అందరినీ అలాగే పిలుస్తామని ఆ పిల్లకు మా వీధిలో ఒక్కరూ చెప్పలేదు. చెప్పడానికి ఎవరికి మనసొప్పుతుంది? రెండేళ్ళు నా పక్క బెంచీలోనే చదివింది. థర్మల్‌లో మిషన్లు తిరగడం మొదలయ్యాక వాళ్ళ నాన్న పని అయిపోయింది. వెళ్ళేరోజు మెయ్ జేజి చేతులు పట్టుకుని, మా మాటల్లోనే, "పోయొస్తా మే" అంది. జేజి నవ్వలేదు. "పోతా అనలే సూడు, పోయొస్తా అనింది. వస్తాదిలే" అని, గంపెడు చీనీకాయలు కారులో పెట్టించింది. మెయ్ మళ్ళీ రాలేదు, కబురూ తెలియలేదు. ఆ 'పోయొస్తా' మీదే ఆశ పెట్టుకుని ఎదురుచూసింది మా జేజి, పోయేదాకా.

ఖాదర్ సారూ లేరు. పైనిల్లు ఇప్పుడు ఎవరిదో సెల్‌ఫోన్ అంగడికి గోడౌను. నేనూ ఇంగ్లీషే చెబుతున్నాను. పిల్లలు 'ఆర్ నోయింగ్' అని రాస్తే కొట్టేయాలి కాబట్టి కొట్టేస్తాను, కానీ ప్రతిసారీ చెయ్యి కాస్త వెనకాడుతుంది. నిన్న చీనీ తొనలు వలిచి, "రా మే, తిందువు" అని మా అమ్మాయిని పిలిచాను. అది మూతి ముడిచి, "అట్ల పిలవద్దు మా, శానా మోటుగా ఉంటాది, ఫ్రెండ్స్ నవ్వుతారు" అంది. నిజమే, ఈ మధ్య మా సందులో వినబడేవన్నీ బేబీలు, బంగారాలు, చిన్నులే. ఇప్పుడు మెయ్ తిరిగొచ్చి మా వీధి మలుపులో పొద్దుగూకేదాకా నిలబడినా, పాపం, పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు.